పిక్కల మీద ఎర్ర మచ్చలు

కీమో చేయించుకుని హైదరాబాదు నుంచి హనుమంతునిపాడు తిరిగొచ్చే మనిషి సంచిలో ఒక్కోసారి చిన్న థర్మాకోల్ పెట్టె ఉంటుంది. అందులో ఐసు ప్యాకెట్ల పక్కన తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్. దాని వెనక పెద్ద కథే ఉంది.

1965లో మెల్‌బోర్న్‌లో రే బ్రాడ్లీ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల క్యాన్సర్ కణాలను అగర్ జెల్లీలో పెంచాలని చూస్తున్నాడు. అవి పెరగలేదు. తోడుగా వేసిన మూలుగ కణాలేమో గుంపులు గుంపులుగా పెరిగాయి! ఆ పళ్ళేలు పట్టుకుని మరో శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ మెట్కాఫ్ దగ్గరికి వెళ్లాడు. ఈ కణాలను పెంచుతున్న పదార్థమేదో ఉందని ఇద్దరికీ అర్థమైంది. దాన్ని విడదీయడమే గండమైంది. అది ఉండేదే రవ్వంత. ఆ కోవలోదే, తెల్లకణాలను పెంచే జీ-సీఎస్ఎఫ్ అనే పదార్థాన్ని శుద్ధి చేసేసరికి 1983 వచ్చింది. 1991లో అమెరికాలో మందుగా అనుమతి దొరికింది. 2001లో మన డాక్టర్ రెడ్డీస్ దాన్ని గ్రాస్టిమ్ పేరుతో తెచ్చింది.

అయితే ఈ మందు వేయించుకున్న కొందరు రోగుల కాళ్ల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. చర్మం కింది సన్న రక్తనాళాలు వాచిపోయాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల లెక్క పెరిగినప్పుడే మచ్చలు, తగ్గితే మాయం. డాక్టర్లకు చిక్కిన ఆధారం అదే.

ఇలా ఎందుకన్నదానికి సగం జవాబు అప్పటికే ఆస్ట్రేలియాలోనే ఉంది. 1982లో అక్కడి వైద్యులు కొందరు కిడ్నీ రోగుల రక్తంలో, సొంత న్యూట్రోఫిల్స్ మీదికే పోయే యాంటీబాడీలను చూశారు. దోమలు తెచ్చే రాస్ రివర్ వైరస్ పని కాబోలనుకున్నారు. పాపం, గురి తప్పింది. రక్తనాళాలు వాచే జబ్బుకూ ఈ యాంటీబాడీలకూ ఉన్న లంకె 1985లో నెదర్లాండ్స్, డెన్మార్క్ వైద్యుల వల్ల తేలింది. ఆ యాంటీబాడీలు రెచ్చగొడితే న్యూట్రోఫిల్స్ నాళాల గోడలనే కాల్చేస్తాయి. అలాంటి ఒంట్లో వాటి సంఖ్య పెంచితే? 2013లో లండన్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు: జీ-సీఎస్ఎఫ్ ఇస్తే కిడ్నీల దెబ్బ ముదిరింది. 2018లో బృహద్ధమని వాపు గురించి కూడా జపాన్, యూరప్ ఈ మందు వివరాల్లో హెచ్చరికలు చేర్చాయి. ఇలాంటివి అరుదే. కీమో రోగులను జ్వరాల నుంచి ఈ మందు కాపాడుతుంది కూడా.

కాబట్టి లూపస్, వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) లాంటి జబ్బు ముందే ఉంటే ఇంజెక్షన్‌కు ముందే చెప్పండి. వేయించుకున్నాక పిక్కల మీద నొక్కినా తెల్లబడని మచ్చలు లేచినా, జ్వరంతో కడుపునొప్పో నడుంనొప్పో పట్టుకున్నా, చెమటకాయలనీ ప్రయాణపు బడలికనీ ఊరుకోకండి. రాసిన డాక్టరుకు అదే రోజు ఫోన్ చేయండి. మీ అంతట మీరు మందు మానకండి.