కంప్యూటర్లో కంప్యూటర్ - క్యూఈఎంయూ కథ

ఒక కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ని నడపడం ఇప్పుడు మామూలే గానీ, 1990ల్లో డబ్బులతో పని. కెవిన్ లాటన్ రాసిన 'బాక్స్'కి లైసెన్సు కొనుక్కోవాల్సొచ్చేది. 2000లో మాండ్రేక్‌సాఫ్ట్ దాన్ని కొనేసి, ఎల్‌జీపీఎల్ కింద అందరికీ వదిలేసింది. కాకపోతే ప్రాసెసర్ ఆదేశాలు ఒక్కొక్కటే చదివి చేసే రకం, నత్తనడకే అనుకోండి.

2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ క్యూఈఎంయూ తెచ్చాడు. ఇది ఆదేశాల్ని గుంపుగా అనువదించి, దాచుకుని, మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. వేగమంతా అక్కడే ఉంది! కానీ ఇంకా వేగం పెంచే 'కేక్యూఈఎంయూ'కి మాత్రం సోర్సు ఇవ్వలేదు. ఉచితమే, స్వేచ్ఛే లేదు. చివరికి 2007 ఫిబ్రవరిలో జీపీఎల్ కింద ఇచ్చేసరికి, అదే నెల్లో లినక్స్ 2.6.20తో పాటు కేవీఎం దిగిపోయింది. నన్నడిగితే, ముందే ఇచ్చుంటే కెర్నెల్లో ఆ చోటు దీనికే దక్కేదేమో. 2009లో క్యూఈఎంయూ వాళ్ళే దాన్ని తీసేశారు. తమాషా ఏంటంటే, డిస్కూ, నెట్‌వర్క్ కార్డూ ఉన్నట్టు నటించడానికి కేవీఎం వాడుకున్నది కూడా క్యూఈఎంయూనే.