రేటింగ్ 4.5 సరే, ఆ మాట ఎవరిది? కొత్త దేశంలో మంచి భోజనం వెతుక్కోవడం వెనక ఉన్న చరిత్ర

ఈ ఎపిసోడ్ ఒక చేప బిల్లుతో మొదలుపెడదాం.

నేనూ నా ఫ్రెండూ పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్ళాం. సాయంత్రం అయ్యేసరికి బాగా ఆకలేసింది. ఫోన్ తీసి చూస్తే నది ఒడ్డున ఒక సీఫుడ్ రెస్టారెంట్ ఉంది. రేటింగ్ 4.5, రివ్యూలు వేలల్లో. ఇంకేం ఆలోచించకుండా వెళ్ళి కూర్చున్నాం. కూర్చోగానే బ్రెడ్డు, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి పెట్టారు. ఫ్రీ అనుకుని లాగించేశాం. మెనూలో చేప ధర చూస్తే పర్లేదు అనిపించింది, ఆర్డర్ ఇచ్చేశాం. తర్వాత బిల్లు వచ్చింది, కళ్ళు తిరిగాయి.

ఎందుకంటే మేం చూసిన ధర ప్లేటుకి కాదు, కిలోకి. ఆ బ్రెడ్డు, ఆలివ్‌లకీ లెక్క కట్టారు. పోర్చుగల్‌లో దాన్ని 'కువేర్' అంటారు. ముట్టుకుంటే డబ్బు కట్టాలి, వద్దంటే తీసుకెళ్ళిపోతారు. ఇందులో మోసమేం లేదు, అక్కడి పద్ధతే అది. తెలియంది మాకే. అసలు బాధ ఏంటంటే, అంత డబ్బు పోసినా చేప బాలేదు. ఎండిపోయి, రుచీ పచీ లేకుండా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం వెనక సందులో ఒక చిన్న హోటల్ కనిపించింది. ఆ రోజు ఏముందో చేత్తో రాసి గోడకి అంటించారు, ఇంగ్లీష్ ముక్క లేదు. తింటున్నవాళ్ళంతా ఆ చుట్టుపక్కల పని చేసుకునేవాళ్ళే. కాల్చిన చేప, ఉడికించిన ఆలుగడ్డలు, పైన ఆలివ్ నూనె. అంతే. ముందురోజు బిల్లులో మూడో వంతు కూడా కాలేదు, రుచి మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఆ హోటల్ పేరు ఫోన్‌లో వెతికితే పట్టుమని పది రివ్యూలు లేవు.

అప్పుడు నాకొక డౌట్ వచ్చింది. ఈ స్టార్లు, రేటింగ్‌లు అసలు ఎక్కడ మొదలయ్యాయి? ఫోన్ లేని రోజుల్లో కొత్త ఊరు వెళ్ళినవాళ్ళు ఎవరి మాట నమ్మి తినేవాళ్ళు? ఈ రోజు ఆ కథే చెప్పుకుందాం.

1900వ సంవత్సరం, ఫ్రాన్స్. క్లెర్మాన్-ఫెరాన్ అనే ఊళ్ళో ఆంద్రే, ఎడ్వార్డ్ అనే ఇద్దరు అన్నదమ్ములకి టైర్ల కంపెనీ ఉంది. వాళ్ళ ఇంటిపేరు మిషెలిన్. టైర్లు అమ్ముడుపోవాలంటే అవి అరగాలి, అరగాలంటే జనం కార్లేసుకుని తిరగాలి. కానీ అప్పటికి ఫ్రాన్స్ మొత్తం మీద మూడు వేల కార్లు కూడా లేవు. అయినా ఈ అన్నదమ్ములు దాదాపు 35 వేల కాపీలు ఒక చిన్న పుస్తకం అచ్చేసి ఉచితంగా పంచారు. అందులో ఏముందో తెలుసా? పంక్చర్ ఎలా వేసుకోవాలి, పెట్రోల్ ఎక్కడ దొరుకుతుంది, మెకానిక్ ఎక్కడుంటాడు, రాత్రికి ఏ హోటల్లో పడుకోవచ్చు. మనం ఈ రోజు పెద్ద గౌరవంగా చెప్పుకునే మిషెలిన్ స్టార్ పుట్టింది ఈ పంక్చర్ పుస్తకంలోనే.

1920లో దానికి ధర పెట్టారు. 1926లో మంచి భోజనం దొరికే చోట్లకి స్టార్ ఇవ్వడం మొదలైంది, తర్వాత అది మూడు స్టార్ల దాకా వెళ్ళింది. వాటి అర్థం గమనించండి. రెండు స్టార్లంటే దారి మళ్ళి అయినా వెళ్ళొచ్చు. మూడంటే ఆ భోజనం కోసమే ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకోవచ్చు. అంటే స్టార్‌ని కొలిచింది కూడా కారు ప్రయాణంతోనే. ఇది చెడ్డ సలహా అని నేను అనట్లేదు. దాని ఇన్‌స్పెక్టర్లు పేరు చెప్పకుండా వెళ్ళి, బిల్లు కట్టి తింటారు. కానీ ఆ సలహా వెనక ఒక టైరు ఉంది. అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. డంకన్ హైన్స్ అని ఒకాయన. ఒక ప్రింటింగ్ కంపెనీ తరఫున ఊరూరూ తిరిగే సేల్స్‌మ్యాన్. అప్పట్లో రోడ్డు పక్కన తింటే కడుపు పాడవుతుందన్న భయం ఉండేది. అందుకే ఈయన ఎక్కడికెళ్ళినా వంటగది ఎలా ఉందో చూసేవాడు, నచ్చిన చోటు నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. 1935 క్రిస్మస్‌కి 30 రాష్ట్రాల్లోని 167 రెస్టారెంట్ల లిస్టు ప్రింట్ చేయించి స్నేహితులకి పంపించాడు. అది చేతులు మారి, మాకూ కావాలంటే మాకూ కావాలని ఉత్తరాలు వచ్చాయి. మరుసటి ఏడే పుస్తకం వేశాడు. అందులో రెస్టారెంట్ల ప్రకటనలు పెట్టలేదు. ఆయన పెట్టుబడి ఒక్కటే: ఆయన మాట మీద జనానికున్న నమ్మకం. చివరికి ఆ నమ్మకమే సరుకైపోయింది. 1950ల్లో ఆయన పేరు కేక్ మిక్స్ డబ్బాల మీదికి ఎక్కింది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఆ డబ్బా సూపర్ మార్కెట్లో చూసే ఉంటారు. ఆ పేరు ఒక మనిషిదని చాలామందికి తెలియదు.

హైన్స్ పుస్తకం వచ్చిన 1936లోనే, అదే దేశంలో ఇంకో పుస్తకం వచ్చింది. ఇక్కడ కొంచెం ఆగి వినండి. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో విక్టర్ హ్యూగో గ్రీన్ అనే నల్లజాతి పోస్ట్‌మ్యాన్ ఉండేవాడు. హైన్స్‌కి 'ఎక్కడ బాగుంటుంది' అన్నది ప్రశ్న. గ్రీన్‌కి 'మమ్మల్ని ఎక్కడ లోపలికి రానిస్తారు' అన్నది ప్రశ్న. నల్లవాళ్ళకి భోజనం పెట్టని హోటళ్ళు, గది ఇవ్వని లాడ్జీలు, చీకటి పడ్డాక కనిపిస్తే ప్రాణం మీదికి తెచ్చే ఊళ్ళు ఉండేవి. అందుకే ఎక్కడ తినొచ్చో, ఎక్కడ పడుకోవచ్చో, ఎక్కడ పెట్రోల్ పోస్తారో ఆయన రాసి పెట్టాడు. అదే 'గ్రీన్ బుక్'. ఆ పేరుతో 2018లో వచ్చిన సినిమా మీలో చాలామంది చూసి ఉంటారు.

మొదట న్యూయార్క్ చుట్టుపక్కలతో మొదలై దేశమంతా విస్తరించింది. ఎలా? చదివినవాళ్ళే తమకి తెలిసిన చోట్లు ఉత్తరాల్లో రాసి పంపేవాళ్ళు. ఇప్పటి మాటలో చెప్పాలంటే యూజర్ రివ్యూలు. కానీ తేడా చూడండి. తను తిరిగొచ్చిన దారిలో రేపు తనలాంటి ఇంకో కుటుంబం పిల్లలతో వెళ్తుందని తెలిసి రాసిన రివ్యూ అది. అందులో అబద్ధం రాయడానికి ఎవరికీ అవసరం లేదు. మన ఊళ్ళ టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి గురించి ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర విన్నవాళ్ళకి ఈ పుస్తకం విలువ ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఇలాంటి గైడ్ అవసరం లేని రోజు రావాలని గ్రీన్ తన పుస్తకంలోనే రాసుకున్నాడు. ఆయన 1960లో చనిపోయాడు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఇంకో రెండు మూడేళ్ళకి ఆ పుస్తకం ఆగిపోయింది.

ఇక్కడి నుంచి కథ స్పీడుగా మన ఫోన్ దాకా వస్తుంది. 1979లో న్యూయార్క్‌లో జగాట్ అనే లాయర్ దంపతులు స్నేహితుల చేత రెస్టారెంట్లకి మార్కులు వేయించారు. ఒక్క నిపుణుడి మాట కంటే నలుగురి మాట మేలు అని వాళ్ళ ఆలోచన. 2000లో ట్రిప్ అడ్వైజర్, 2004లో యెల్ప్ వచ్చాయి. నలుగురు కాస్తా లక్షలమంది అయ్యారు. అందరూ రాయొచ్చు. అందరూ అంటే, తినకుండా కూడా.

2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే కుర్రాడు అదే నిరూపించాడు. అంతకుముందు రివ్యూకి 10 పౌండ్లు తీసుకుని దొంగ రివ్యూలు రాసిన అనుభవం ఉంది అతనికి. డల్విచ్‌లో తను ఉంటున్న పెరటి షెడ్డుకి రెస్టారెంట్ అని పేరు పెట్టి ట్రిప్ అడ్వైజర్‌లో ఎక్కించాడు. షేవింగ్ ఫోమ్ లాంటివాటితో వంటకాల ఫోటోలు తీశాడు, స్నేహితుల చేత రివ్యూలు రాయించాడు. ఒక్క ప్లేటు భోజనం పెట్టకుండానే ఆ షెడ్డు లండన్‌లో నంబర్ వన్ రెస్టారెంట్ అయిపోయింది. టేబుల్ కోసం ఫోన్లే ఫోన్లు!

మరి ఏం చేయాలి? రెస్టారెంట్ లోపల పనిచేసినవాళ్ళ మాట కూడా వినాలి. 1999లో ఆంథొనీ బోర్డేన్ అనే న్యూయార్క్ షెఫ్ ఒక వ్యాసం రాసి వంటగది గుట్టు బయటపెట్టాడు. సోమవారం చేప జోలికి పోవద్దన్నాడు, అది వారాంతంలో మిగిలింది కావచ్చని. స్టీక్ వెల్-డన్ అడిగేవాళ్ళ కోసం మంచిది కాని ముక్కని పక్కన పెడతారన్నాడు. బాగా కాల్చేస్తే తేడా తెలియదు కదా. తర్వాత కాలం మారిందని, చేపల విషయంలో పరిస్థితి మెరుగైందని ఆయనే చెప్పాడు. కానీ స్టీక్ మాట మనకి పనికొస్తుంది. బీఫ్ తినేవాళ్ళలో కూడా మనవాళ్ళు ఎర్రగా కనిపిస్తే రక్తం అనుకుని వెల్-డన్ అనేస్తారు. నిజానికి అది రక్తం కాదు, మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కలిసిన నీరు. అర్జెంటీనాలో మధ్యరకంగా కాల్చింది కావాలంటే 'ఆ పుంతో' అనండి, చాలు. ఇటలీలోని ఫ్లోరెన్స్ స్టీక్‌కి అయితే లిస్బన్ చేపలాగే తూకం లెక్క. పెద్ద ముక్క, ఇద్దరు ముగ్గురు పంచుకోవడానికి. కాబట్టి ఆర్డర్ ఇచ్చే ముందు 'ఈ ధర ప్లేటుకా, కిలోకా' అని అడగడానికి మొహమాటపడొద్దు.

ఈ కథంతా విన్నాక నాకు మిగిలింది ఒక్క ప్రశ్న. ఈ సలహా ఇచ్చినవాళ్ళకి నేను అక్కడ తింటే ఏం వస్తుంది? మిషెలిన్‌కి టైరు, హైన్స్‌కి పేరు, షెడ్డు కుర్రాడికి ఒక వీడియో. గ్రీన్ బుక్‌కి ఉత్తరం రాసినవాళ్ళ వల్ల మాత్రం ఇంకో ప్రయాణికుడు క్షేమంగా వెళ్తాడు. విదేశంలో బస్సు డ్రైవర్ని, హాస్టల్లో గది శుభ్రం చేసే ఆవిడని, చేపల మార్కెట్లో అమ్మేవాళ్ళని అడిగి చూడండి. 'ఇక్కడ ఏది ఫేమస్' అని కాదు, 'మీరు ఆదివారం ఇంట్లోవాళ్ళతో ఎక్కడ తింటారు' అని.

ఇంకొకటి. ఆ సందులోని హోటల్‌కి నేను రివ్యూ రాయలేదు, సోమరితనం. ఈ ఎపిసోడ్ రికార్డింగ్‌కి కూర్చునే ముందు రాశాను. ఏం తిన్నామో, ఎంత అయ్యిందో, మెనూలో ఏం చూసుకోవాలో, ఉన్నదున్నట్టు. మీకూ అలా బాకీ ఉన్న రివ్యూ ఒకటి ఉండే ఉంటుంది. ఈ రోజే రాసేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.