పేరు విని పోయినవారి నిరాశ



మదనపల్లె దిక్కునుండి కదిరికి పోవు బాటపై మన నల్లచెరువు ఉన్నది. ఆ బాటను యాత్రికులు నిత్యము పోవుచుందురు. కొందరు కదిరి నరసింహస్వామి దర్శనమునకు పోవువారు. వారి సంగతి నేటి ప్రసంగమునకు రాదు. దేవుని చూడబోయినవాడు, దేవుడు తాననుకొన్నంత పెద్దగా లేడని తిరిగివచ్చి చెప్పడు గదా! రెండవ తెగవారు వింతలు చూడబోవువారు. లేపాక్షిలో స్తంభము గాలిలో వ్రేలాడునట, పెనుగొండలో గగనమహలు కలదట, తిమ్మమ్మ మర్రిమాను లోకములో కెల్ల పెద్దదట అని విని, కార్లు కట్టించుకొని పోయి, సాయంకాలమునకు తిరిగివచ్చి, దారిలో టీ అంగడి యొద్ద కూర్చుండి, "ఇంతేనా?" అందురు.

ఆ మాట అన్నవానికి చూచుట చేతగాదని త్రోసిపుచ్చుట సులభము. నా యభిప్రాయము అది కాదు. అతడు చెప్పిన మాట నమ్మి పోయినవాడు. వానికి వింతను చెప్పి పంపిరి, చరిత్రను చెప్పలేదు. వింత యనునది చూచిన క్షణముననే తరిగిపోవును. చరిత్ర యట్లు కాదు; తెలిసినకొలది చూడవలసినది పెరుగును. మన సీమలోని ఈ మూడు చోట్లనే తీసికొని ఇందలి నిజానిజములు విచారింతము.

ముందుగా లేపాక్షి. అచ్యుతదేవరాయలు 1529 మొదలు 1542 వరకు విజయనగరము నేలెను. ఆయన కాలమున పెనుగొండ సీమలో అధికారము నెరపిన విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు అచ్చటి వీరభద్రాలయమును ఇప్పుడు మనము చూచు రూపమునకు తెచ్చిరి. నాట్యమండపమున డెబ్బది స్తంభములున్నవందురు. అందులో నొకదాని క్రింద సన్నని సందు కలదు. పోయిన ప్రతివాడును ఆ సందున పైగుడ్డ దూర్చి ఆవలికి లాగి, ఫోటో తీయించుకొని బయటికి వచ్చును. ఒక ఇంగ్లీషు ఇంజనీరు దానిని కదల్పబోయెనని కథ కూడ చెప్పుదురు. వంగి నిదానముగా చూచినవానికి ఒక మూల నేలకు తగిలియే యుండుట కనబడును. అంతటితో వానికి వింత పోయినది! వాస్తవమునకు మండపపు బరువు నొక్క కంబముపై నిలుపు శిల్పి ఎవడును లేడు. దూలములును, ప్రక్క కంబములును ఆ బరువును పంచుకొనును. కనుక ఒకటి నేలకు పూర్తిగా ఆననంత మాత్రమున కప్పు కూలదు.

ఇంత చిన్న సందును చూచుటకు క్రిందికి వంగినవాడు, పైకి మాత్రము తల యెత్తడు. నిరాశ కంతటికిని మూలమిది. ఆ కప్పునిండ చిత్రములు! పార్వతీ పరిణయము, కిరాతార్జునీయము, మఱ్ఱియాకుపై పవళించిన బాలకృష్ణుడు. పొడవాటి కుళ్లాయిలు ధరించి మ్రొక్కుచున్న విరూపణ్ణ, వీరణ్ణల రూపములును అందే యున్నవి. దేవాలయము కట్టించినవారి మొగములు ఏ రంగులతో వ్రాసిరో ఆ రంగులతోనే ఐదువందల యేండ్లకు చేరువగా మనకు కనబడుట సామాన్యమా? ఆ బొమ్మలలోని స్త్రీల చీరెల అంచులను, అద్దకపు పూలను చూచినచో ఆ నాటి నేతగాండ్ర పనితన మెట్టిదో తెలియును. మన ధర్మవరమున నేడు మగ్గము నేయువారు ఆ బొమ్మలయెదుట ఒక పూట గడపినచో, గుడ్డ లాగిపోయిన యాత్రికునికంటె ఎక్కువ మూటగట్టుకొని వత్తురు. ఊరిమొగదల నొకే రాతిలో మలచిన బసవన్నకు ఇట్టి చిక్కు లేదు. సుమారు పదునైదడుగుల యెత్తును, ఇరువది యేడడుగుల పొడవును గల యా నందిని చూచి పెదవి విరిచినవానిని నేను వినలేదు. 2022వ సంవత్సరమున ఈ యాలయమును, నందిని యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేర్చిరి. ఆ జాబితాలోని పేరు విజయనగరపు శిల్పచిత్రకళా సంప్రదాయమును చెప్పుచున్నది గాని వ్రేలాడు స్తంభమును చెప్పుట లేదు.

పెనుగొండ విషయము వేరు. అచ్చట నిరాశ చెందుటయే ఒక విధముగా చరిత్రను సరిగా చదువుట. హంపిని చూచి వచ్చినవాడు, ఇదియు విజయనగర రాజధానియే యని విని, అట్టి బజారులును అట్టి గోపురములును కోరుకొని వచ్చును. గగనమహలు అను పేరు వినగానే ఆకాశము నంటు మేడను తలచుకొనును. తీరా చూడగా అది రెండంతస్తుల కట్టడము. కమానులును, పైన దేవాలయ శిఖరము వంటి గోపురమును గలిగి, రెండు శైలుల కలయికగా నున్న చక్కని మహలే, కాని చిన్నది. చిన్నదెందుకైనదో చెప్పినవా రుండిన, చూచినవానికి ఆ మేడ మరియొక విధముగా కనబడియుండును.

1565 జనవరి మాసమున రక్కసి తంగడి యుద్ధమున అళియ రామరాయలు హతుడయ్యెను. అతని తమ్ముడు తిరుమలరాయలు ధనరాసులను ఏనుగులపై నెక్కించి, పేరునకు రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకొని పెనుగొండ చేరెను. హంపి పాడుపడెను. పెనుగొండ అంతకుముందే బుక్కరాయల నాటినుండి సీమకు ముఖ్యస్థానముగా నుండెను గనుక, కొండయు కోటయు నమ్మదగినవి గనుక, రాజ్యమున కిది ఆశ్రయమైనది. తిరుమలరాయల పిమ్మట శ్రీరంగరాయలు, అటుపై వేంకటపతిరాయలు ఏలిరి. పదునారవ శతాబ్దము ముగియుచుండగా వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చెను. ఓడి వచ్చి, మరల శత్రువు వచ్చునను భయముతో, తగ్గిన ఆదాయముతో ఏలిన రాజులు మరియొక హంపిని ఎట్లు కట్టుదురు? పోయినదానిని తలచుకొనుచు, ఉన్నదానిని కాపాడుకొనుచు కాలము గడపినవారి యూరది. ఆ చిన్నతనమే అచ్చట చూడదగినది.

ఇక తిమ్మమ్మ మర్రిమాను. మనకు దగ్గరిదియు, ఎక్కువమందిని నిరాశపరచునదియు, నా మతమున ఎక్కువ చెప్పదగినదియు ఇదే. కదిరికి పాతిక ముప్పది కిలోమీటర్ల దూరమున, నంబులపూలకుంట మండలమున, గూటిబయలు గ్రామమున ఉన్నది. కర్ణాటక విలేఖరి సత్యనారాయణ అయ్యరు దీనిని లోకమునకు చాటెను. పత్రికలవారు తిప్పిపంపుచు వ్రాసిన విచారపు ఉత్తరములను కూడబెట్టి, రిగ్రెట్ అయ్యర్ అను పేరునే పెట్టుకొనిన చిత్రమైన మనిషి ఆయన. ఆయన పట్టుదల వలననే 1989లో గిన్నిసు గ్రంథమున ఈ మాను చేరినది. అంతవరకు చుట్టుప్రక్కల గ్రామములవారికి మ్రొక్కుబడి చెట్టుగా నున్నది, అటుపిమ్మట లోకమునకు వింత యైనది.

"లోకములో కెల్ల పెద్దచెట్టు" అన్నంతనే వినువాడు ఏమి తలచును? పదిమంది చేతులు చాచినను కౌగిలికి అందని బోదెను, తలపాగా జారునట్లు తలయెత్తి చూడవలసిన కొమ్మలను తలచును. మర్రి అట్లు పెరుగదు. అది ఎత్తునకు పోదు, ప్రక్కకు పోవును. పెద్దది యనుట నీడను బట్టి యన్నమాట. ఆ నీడ ఒక కొలతలో అయిదెకరములకు పైగా వచ్చినది. మరియొక కొలతలో 19,107 చదరపు మీటర్లు, అనగా సుమారు 4.7 ఎకరములు. కొమ్మల యంచు కోటగోడ వలె తిన్నగా నుండదు గనుక కొలతలు కలియకుండుట సహజము. ఈ విరివి నేలపై నిలుచున్న మనుష్యుని కంటికి అందదు. దూరమునుండి చూచిన పొలముల నడుమ నొక తోపువలె నుండును. లోపలికి పోయిన నూర్ల కొలది చెట్లున్నట్లు తోచును. ఏది మొదటిదో ఏది తరువాతిదో తెలియదు. ఫోటోలో పట్టదు. ఒకే చెట్టును చూడవచ్చినవానికి చెట్లు మాత్రమే కనబడి, ఆ చెట్టు కనబడదు!

క్రీస్తునకు మూడువందల యేండ్లు పూర్వమే అలెగ్జాండరు దండువెంట మన దేశమునకు వచ్చినవారు మర్రిని చూచి ఆశ్చర్యపడిరి. వారు చెప్పగా విని థియోఫ్రాస్టస్ అను యవన పండితుడు దీనిని గూర్చి వ్రాసెను. కొమ్మలనుండి వేళ్లు దిగి భూమి నంటి, చెట్టు చుట్టును దడి కట్టినట్లు నిలుచుటయే ఆయనకు ముఖ్యముగా తోచిన సంగతి. మన పూర్వులు పెట్టిన న్యగ్రోధ మను పేరునకును క్రిందికి పెరుగునది యనియే యర్థము. వెండ్రుకవలె దిగిన ఊడ గాలిలో ఊగుచుండును. నేల తగిలిన పిమ్మట లావెక్కి కొయ్యబారి స్తంభమగును. కొమ్మ దానిపై ఆనుకొని ఇంకను ముందుకు సాగును. అందుచేత తల్లిబోదె నశించినను చెట్టు నశింపదు. కలకత్తా నగరపు టెదుటి యొడ్డున, శిబ్పూరు వృక్షోద్యానమున నున్న మహావటము 1864, 1867 సంవత్సరముల తుపానులకు దెబ్బతిని, బూజుతెగులు సోకి, 1925లో నడిబోదెను కోల్పోయెను. అది యిప్పటికిని ఊడలపై బ్రదికియున్నది, నాలుగున్నర యెకరములకు మించి నీడ నిచ్చుచున్నది.

ఈ మాను పుట్టుకను గూర్చి గూటిబయలువారు చెప్పు కథ మీ రెరిగినదే. తిమ్మమ్మ 1394లో బుక్కపట్టణమున పుట్టెనని, గూటిబయలు వాడగు బాలవీరయ్యను పెండ్లాడెనని, 1434లో భర్త చనిపోగా చితి నెక్కెనని, ఆ చితికి నాటిన గుంజలలో తూర్పుదిక్కుది చిగిర్చి ఈ మాను అయ్యెనని స్థలకథ. ఇందులో గుంజ చిగిర్చిన మాటను అద్భుతమని కొట్టివేయ నక్కరలేదు. పచ్చి మర్రికొమ్మను నాటినచో బ్రదుకుట రైతు లందరు ఎరుగుదురు. బాటల ప్రక్క సాలుమానులు నాటించిన పూర్వులు కొమ్మలే పాతించిరి. వయస్సు మాత్రము కథను బట్టి చెప్పుటయే. మర్రి కొయ్యలో ఏటేటి వలయములు లెక్కకు వచ్చునట్లు స్పష్టముగా నుండవు. కథలోని సంవత్సరము రెండవ దేవరాయల యేలుబడిలో పడును. ఆ కాలమున సహగమన మాచారముగా నుండె ననుటకు మన సీమ పొలిమేరలలోని మాస్తికల్లులు, గాజులు తొడిగిన చేయి పైకెత్తినట్లు చెక్కిన రాళ్లు, సాక్ష్యములు.

ఇచ్చట పెద్దలకు ఒక మాట మనవి చేయవలసియున్నది. యాత్రికునికి ఈ కథను చెప్పునపుడు చితి నెక్కుటను ఘనకార్యముగా వర్ణించుట కలదు. నలుబది యేండ్ల స్త్రీ నిప్పులలో బడి చనిపోయినది, అది శోకము. ఆ యాచారమును 1829లో బెంటింకు వంగరాష్ట్రమున నిషేధించెను. మరుసటి యేట మదరాసు రాజధానిలోను నిషేధించిరి. 1987 నాటి చట్టము దానిని పొగడుటను సైతము నేరముగా చేసినది. ఊరి జ్ఞాపకమున ఆరువందల యేండ్లుగా ఆమె పేరు నిలిచియుండుట గొప్ప. రాజుల పేర్లు ఎన్నియో మరచిన సీమలో ఒక సామాన్య గృహిణి పేరు ఒక చెట్టుకు నిలిచినది. ఆ మాట చెప్పిన చాలును. సంతానము కోరి వచ్చి ఆమె గుడిలో మ్రొక్కువారికిని, శివరాత్రి జాతరకు వచ్చువారికిని చెట్టు ఎన్ని యెకరములో అక్కరలేదు. అందుచేతనే కాబోలు, వారు నిరాశతో తిరిగిపోవుట చూడము.

నిరాశ పడినవాడు ఊరకుండడు. వచ్చినందులకు గుర్తుగా ఊడపై చాకుతో పేరు చెక్కును. పిల్లలకు ఉయ్యెలగా నుండునని లేత ఊడలను పట్టి లాగును. నేల నంటకముందే తెగిన ఊడ మరునాటికి స్తంభము కాదు. దాని నానుకొనవలసిన కొమ్మ బరువునకు విరుగును. ఇది భయపెట్టుటకు చెప్పుట కాదు. పాలమూరు పిల్లలమర్రి మూడెకరముల పెద్దమాను. 2017 డిసెంబరులో అందులో పెద్దకొమ్మ విరిగిపడగా సందర్శకులను రానీయక మూసివేసిరి. చెదలు లోపలికి చేరియుండెను. 2018లో రోగికి మందు ఎక్కించునట్లు సీసాలు కట్టి, బొట్టుబొట్టుగా చెదలమందును ఆ చెట్టులోనికి ఎక్కించిరి. ఊడలకు గొట్టములు తొడిగి నేలదాక నడిపించిరి. వేడుక చూడవచ్చినవారి పాదములు చెట్టు చుట్టును నేలను గట్టిపరచుటయు, ఊడలను త్రుంచుటయు చెట్టును బలహీనపరచునవే.

మీ బంధువులు నగరములనుండి వచ్చి మర్రిమానును చూపుమన్నచో, లోపలికి తిన్నగా తీసికొనిపోకుడు. మొదట అంచు వెంబడి చుట్టును నడిపింపుడు. చుట్టుకొలత 846 మీటర్లని లెక్కకట్టిరి. నిదానముగా నడచినను పావుగంట పట్టును. నడచినవాని కాళ్లకు ఆ చెట్టు పెద్దదని తెలియును. నడుచునప్పుడు అంచు కొమ్మలనుండి దారములవలె వ్రేలాడు లేత ఊడలను చూపి, వానిని ముట్టవలదని చెప్పుడు. అటుపిమ్మట లోపలికి, తిమ్మమ్మ గుడి యొద్దకు తీసికొనిపొండు.