వారాల వరుస: యవన హోర నుంచి తెలుగు పంచాంగం దాకా

తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాలు కలిస్తే పంచాంగం అవుతుంది. వీటిలో నాలుగింటిని ఆకాశంలో సూర్యచంద్రుల స్థానాలను బట్టి గణిస్తారు. చంద్రుడు సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి, రాశిచక్రంలో ఇరవై ఏడో వంతు దాటితే ఒక నక్షత్రం గడుస్తాయి. వారానికి మాత్రం అటువంటి గణితం అక్కరలేదు; రోజులను ఏడేసి చొప్పున ఎడతెగకుండా ఎంచుకుంటూ పోవడమే దాని పద్ధతి. మిగిలిన అంగాలతో ఇది పొసగకుండా కనిపించడానికి కారణం దాని పుట్టుకలోనే ఉంది. ప్రాచీనమైన వేదాంగ జ్యోతిషంలో తిథి, నక్షత్రాలు ఉన్నాయి గాని వారం లేదు. శాతవాహనుల ప్రాకృత శాసనాలు సైతం రాజు పాలనా సంవత్సరాన్ని, ఋతువును, అందులో ఎన్నో పక్షమో, ఆ పక్షంలో ఎన్నో రోజో చెప్పి ఊరుకుంటాయే తప్ప, అది సోమవారమో మంగళవారమో చెప్పవు. భారతదేశంలో వారం పేరుతో నమోదైన తొలి తేదీలలో ఒకటి మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో, గుప్తరాజు బుధగుప్తుడి కాలంలో, క్రీ.శ. 484లో నిలిపిన ధ్వజస్తంభం మీది గురువారం.

ఆదివారం తరవాత సోమవారమే ఎందుకు రావాలన్న ప్రశ్నకు సమాధానం గ్రీకుల ఖగోళ భావనలో దొరుకుతుంది. బాబిలోనియా గ్రహ పరిశీలన, రోజును ఇరవై నాలుగు భాగాలు చేసే ఈజిప్టు ఆచారం, గ్రీకు జ్యామితి కలిసిన హెల్లెనిస్టిక్ యుగంలో, అంటే అలెగ్జాండర్ తరవాత గ్రీకు విద్య తూర్పు మధ్యధరా తీరమంతటా వ్యాపించిన కాలంలో, భూమికి దూరం నుంచి దగ్గరకు శని, గురువు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అనే వరుస స్థిరపడింది. రోజులోని ప్రతి భాగానికీ, అంటే ప్రతి హోరకూ, ఈ వరుసలో ఒక్కొక్క గ్రహం అధిపతి. సూర్యోదయాన మొదటి హోర ఏ గ్రహానిదైతే ఆ రోజంతా ఆ గ్రహానిదే. ఇరవై నాలుగును ఏడుతో భాగిస్తే మూడు మిగులుతుంది కనుక మరునాటి అధిపతి ఈ వరుసలో మూడు స్థానాలు ముందుకు జరుగుతాడు: శని తరవాత సూర్యుడు, సూర్యుడి తరవాత చంద్రుడు, ఆ వెనక కుజుడు. క్రీ.శ. 499 నాటి లెక్కలను ఆధారం చేసుకున్న ఆర్యభటీయంలో ఈ విధానం స్పష్టంగా ఉంది. శుక్రహోర, గురుహోర అంటూ నేటి పంచాంగాలు చూపే పట్టిక దానికి కొనసాగింపే.

రోమన్లు ఈ ఏడు రోజులనూ తమ దేవతల పేర్లతో పిలుచుకున్నారు. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపే నగరపు గోడ మీద ఆ జాబితా గీసి ఉంది. 321లో చక్రవర్తి కాన్‌స్టంటైన్ సూర్యుడి రోజున న్యాయస్థానాలకూ, పట్టణాల పనివారికీ విరామం శాసించాడు. అదను తప్పితే పంట చేతికి రాదన్న ఎరుకతో రైతులను మాత్రం మినహాయించాడు. ఈ పేర్ల విషయంలో ఇంగ్లీషు కన్నా తెలుగే లాటిన్‌కు దగ్గరగా ఉండటం గమనించదగినది. వెడ్నెస్‌డే జర్మానిక్ దేవుడు వోడెన్ పేర వెలసింది. బుధవారం మాత్రం, ఇటలీ వారి మెర్కొలెది లాగానే, బుధగ్రహాన్నే పట్టుకుని ఉంది. బృహస్పతివారం పల్లెల నోళ్లలో నలిగి బేస్తవారమైంది. చాలా సంతలు వారాల పేర్లతోనే గుర్తుండిపోయాయి. పైనుంచి రుద్దిన మాట ఇంతగా అరిగి నునుపుదేలదు.

హోరలను, వారాలను ఎంచే ఈ గ్రీకు విద్య భారతదేశానికి ప్రధానంగా పశ్చిమ తీరం, ఉజ్జయిని మార్గాన చేరింది. గ్రీకు జ్యోతిషాన్ని సంస్కృత శ్లోకాలలో చెప్పిన స్ఫుజిధ్వజుడి యవనజాతకం అందుకు సాక్ష్యం. అయోనియా అనే గ్రీకు ప్రాంతం పేరు నుంచి పుట్టినదే యవన శబ్దం. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు రోమక, పౌలిశ సిద్ధాంతాలను తన పంచసిద్ధాంతికలో చేర్చుకోవడమే కాక, యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వారిలో చక్కగా నెలకొన్నందున ఋషుల వలె పూజ్యులని బృహత్సంహితలో ఒప్పుకున్నాడు. అప్పు తెచ్చుకున్న విద్యను దాచకుండా, ఇచ్చినవారి పేరుతో సహా చెప్పిన ఆ నిజాయితీ భారతీయ శాస్త్ర చరిత్రలో ఎంతో గౌరవించదగిన ఘట్టం.

వారాలతో పాటు మాటలూ వచ్చాయి. గ్రీకులో కెంట్రాన్ అంటే ఎద్దును అదిలించే ములుకోల మొన. వృత్తం గీసేటప్పుడు నాటుకునే మొన కనుక అది నడిబిందువు పేరైంది, జ్యోతిషంలో ఒకటి, నాలుగు, ఏడు, పది స్థానాలకు కేంద్రమైంది, చివరికి ఢిల్లీ ప్రభుత్వానికే తెలుగు పత్రికలు వాడే పేరైంది. సన్నని ముక్క అనే అర్థమున్న లెప్టాన్ డిగ్రీలో అరవయ్యో వంతుకు లిప్తగా మారి, తెలుగులో లిప్తపాటుగా స్థిరపడింది. గ్రీకు నుంచే వచ్చిన హోర మాటను మాత్రం స్వదేశీయంగా వివరించే ప్రయత్నమూ జరిగింది: అహోరాత్రలో మొదటి అక్షరం, చివరి అక్షరం తొలగిస్తే హోర మిగులుతుందన్న వ్యుత్పత్తిని వరాహమిహిరుడే బృహజ్జాతకంలో కొందరి అభిప్రాయంగా పేర్కొన్నాడు; అదే అధ్యాయంలో మేషానికి క్రియ, వృషభానికి తావురి అంటూ రాశుల గ్రీకు పేర్లనూ వరసగా ఇచ్చాడు.