పేరు మార్చడం కుదరని చోట

2006 మార్చి 14న, ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే అమెజాన్ ఎస్3 మొదలైంది. ఫైలు పేర్లలో స్లాష్‌లుంటాయి కాబట్టి పైకి ఫోల్డర్లలాగే ఉంటుంది. కానీ 'అమ్మకాలు/జూన్/ఫైల్1' అన్నదంతా కలిపి ఒకే పేరు, లోపల ఫోల్డర్లేమీ లేవు. ఈ చిన్న తేడా డేటా ఇంజనీర్లను ఏళ్ల తరబడి ఏడిపించింది.

పెద్ద డేటాను ప్రాసెస్ చేసే హడూప్‌కు ఒక మంచి అలవాటుండేది. ఫలితాన్ని ముందు తాత్కాలిక ఫోల్డర్‌లో రాసుకుని, పని సవ్యంగా ముగిశాకే అసలు చోటికి పేరు మార్చేది. హడూప్ సొంత ఫైల్ సిస్టమ్ హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో అది రెప్పపాటు పని. ఎస్3లో పేరు మార్చాలంటే ఫైలు మొత్తాన్నీ కొత్త పేరుతో కాపీ చేసి, పాతది చెరిపేయాలి. వంద ఫైళ్లలో నలభై కాపీ అయ్యాక ప్రోగ్రామ్ కూలిపోతే, చదివేవాళ్లకు ఆ నలభయ్యే దొరుకుతాయి. పైగా ఇప్పుడే రాసిన ఫైలు జాబితాలో వెంటనే కనిపిస్తుందన్న హామీ కూడా ఉండేది కాదు. అందుకే నెట్‌ఫ్లిక్స్ 2014లో ఎస్3ఎంపర్ పేరుతో, ఫైళ్ల చిట్టాను డైనమోడీబీ డేటాబేస్‌లో విడిగా రాసుకునే పరికరాన్ని బయటపెట్టింది.

దారి మాత్రం మరో వైపు నుంచి వచ్చింది. పెద్ద ఫైళ్లను ముక్కలుగా పంపడానికి 2010లో మల్టీపార్ట్ అప్‌లోడ్ తెచ్చారు. చివరి ముక్క తప్ప ప్రతిదీ కనీసం 5 ఎంబీ ఉండాలి. 'పూర్తయింది' అన్న ఆదేశం అందేదాకా ఆ ఫైలు ఎవరికీ కనిపించదు. సురక్షితంగా రాయడానికి కావలసింది సరిగ్గా అదే! 2018లో హడూప్ 3.1లోని, ఫలితాన్ని ఖాయం చేసే కమిటర్లు ఈ గుణాన్ని వాడుకున్నాయి.

ఆగకుండా పారే డేటాకు 'పని ముగిసింది' అనే ఘడియ ఉండదు. అలాంటి డేటాను ప్రాసెస్ చేసే ఫ్లింక్ ఆ ఘడియను చెక్‌పాయింట్‌లో, అంటే తన స్థితిని ఎప్పటికప్పుడు భద్రం చేసుకునే చోట, చూసుకుంది. ముక్కలు పంపుతూ, అప్‌లోడ్ గుర్తింపు సంఖ్యనూ, ముక్కల వివరాలనూ చెక్‌పాయింట్‌లో దాచుకుంటుంది. 5 ఎంబీకి చేరని తోకను విడి ఫైలుగా భద్రం చేస్తుంది. చెక్‌పాయింట్ నిలిచాకే, అప్పటికి మూసిన ఫైళ్లకు 'పూర్తయింది' అంటుంది. కూలిపోతే, డేటా వచ్చే మూలమైన కాఫ్కాలో ఆ చెక్‌పాయింట్ నాటి స్థానానికి వెళ్లి మళ్లీ చదువుతుంది. అందువల్ల ఒక్క రికార్డూ పోదు, రెండుసార్లు పడదు. ఎంత చక్కటి ఆలోచన!

జాబితాల బెడద 2020 డిసెంబరులో తీరింది. రాసిన వెంటనే కనిపిస్తుందని ఎస్3 హామీ ఇచ్చింది. మిగిలింది చెత్త సంగతి. పూర్తికాని ముక్కలు మామూలు జాబితాలో కనిపించవు, బిల్లులో మాత్రం పడతాయి. వాటిని కొన్నాళ్లకు చెరిపేసే నియమం పెట్టుకోవచ్చు. గడువు మరీ తక్కువైతే, మనం కావాలని దాచుకున్న పాత సేవ్‌పాయింట్ నుంచి లేవబోయే పైప్‌లైన్‌కు తన ముక్కలే దొరకవు.