ఛాయాచిత్రంలో మన్యం: స్మారకాలు, ప్రకృతి దృశ్యాలు, ఒక దారి చరిత్ర

తూర్పు కనుమల మన్యాన్ని నేడు చాలామంది ఎరిగింది ఛాయాచిత్రాల ద్వారానే. లంబసింగి పొగమంచు, అరకు వలిసె చేలు, బొర్రా గుహలు, కృష్ణదేవిపేటలోని అల్లూరి సీతారామరాజు సమాధి మొదలైనవి దాదాపు ఒకే కోణం నుంచి పదేపదే చిత్రితమవుతున్నాయి. పరిశోధకులు శాసనాలకు, ప్రభుత్వ దస్త్రాలకు ఇచ్చిన ప్రాధాన్యం ఈ చిత్రాలకు ఇవ్వలేదు. ఒక ప్రదేశం చూడదగిన దృశ్యంగా మారాలంటే ముందు అక్కడికి దారి ఉండాలి. ఆ దారిని ఎవరి శ్రమతో వేశారు, ఎవరి భూమి మీదుగా వేశారు అన్నవి చిత్రంలో కనిపించని అంశాలు. మన్యం చిత్రాలను వాటితో కలిపి చదవడం ఈ వ్యాస ఉద్దేశం.

గూడెం కొండలతోనే ప్రారంభించడం సమంజసం. నేటి సందర్శకుడు లంబసింగి చేరేది నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే మార్గంలో. 1920ల ఆరంభంలో ఈ ప్రాంతంలో రహదారి నిర్మాణానికి గూడెం తహశీల్దారు బాస్టియన్ కొండ ప్రజల చేత పని చేయించాడు. న్యాయమైన కూలి ఇవ్వలేదన్నది అతనిపై వచ్చిన ప్రధాన ఆరోపణ. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని, అటవీ ఫలసాయాన్ని కట్టడి చేసి ఉంది. ఆకలి, వెట్టి ఒకచోట కలిసిన ఈ స్థితిలో గాం గంటందొర, గాం మల్లుదొర వంటి స్థానికులు రాజు పక్షాన నిలిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు జరిగాయి. పొగమంచు చిత్రాల కోసం తెల్లవారుజామున వాహనాలు బారులు తీరే కొండదారికీ, రంప పితూరీకీ ఉన్న ఈ సంబంధాన్ని పర్యాటక ప్రచార పత్రాలు ప్రస్తావించవు. ప్రస్తావించాలని ఆశించడం కూడా అత్యాశే కావచ్చు. అయితే మన సాహిత్య చరిత్రలు, పాఠ్యపుస్తకాలు సైతం పితూరీని వీరగాథగా చెప్పినంత విపులంగా దారి పనిగా, కూలి తగాదాగా చెప్పలేదు.

స్మారకాల విషయానికి వస్తే, ఈ పోరాటం ఇరుపక్షాలకూ రాళ్లను మిగిల్చింది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి వద్ద విప్లవకారుల చేతిలో మరణించిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. 1924 మే 7న కొయ్యూరు వద్ద కాల్చివేతకు గురైన రాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. రెండవ చోట నేడు పూలదండలు, కెమెరాలు కనిపిస్తాయి. మొదటి చోటికి వెళ్లేవారు బహు తక్కువ. ఇంగ్లండు దక్షిణ ప్రాంతపు పల్లెల్లో యుద్ధ మృతుల స్మారక శిలలను ఊరూరా ఫోటో తీసి, వాటిపై ఉన్న పేర్లను ఒక్కొక్కటిగా నమోదు చేసే అలవాటు సామాన్య ఔత్సాహికులలో సైతం ఉంది. మన దగ్గర అటువంటి నమోదు ఇంకా వ్యక్తుల ఆసక్తి మీదే ఆధారపడి ఉంది.

రాజుకు సంబంధించి అత్యంత కీలకమైన ఛాయాచిత్రం ఆయన మరణానంతరం ప్రభుత్వం తీయించినది. భౌతికకాయాన్ని మంచానికి కట్టి కృష్ణదేవిపేట తెచ్చి, ఫోటో తీయించిన తర్వాతే మే 8న దహనం చేశారు. ఇక్కడ కెమెరా పని స్మరణ కాదు, రుజువు. పట్టుబడింది, మరణించింది ఆయనేనని లోకానికి చూపవలసిన అవసరం పాలకులకు ఉండేదని ఊహించవచ్చు. అంతమాత్రాన ఆయన బతికే ఉన్నాడన్న వదంతులు ఆగలేదు. చిత్రానికి ఉన్న అధికారానికీ జనుల నమ్మకానికీ మధ్య ఎడాన్ని చూపే ఇంత స్పష్టమైన ఉదాహరణ తెలుగు నేల మీద మరొకటి నాకు తారసపడలేదు.

ఆ తర్వాతి రాజు రూపం వేరొక చోటి నుంచి వచ్చింది. చింతపల్లి అడవుల్లో చిత్రీకరణ జరుపుకొని 1974లో విడుదలైన 'అల్లూరి సీతారామరాజు' సినిమాలో కృష్ణ ధరించిన కాషాయ వేషం, విల్లు ప్రజల మనసులో స్థిరపడ్డాయి. తరువాతి విగ్రహాలలో పెక్కు ఆ వేషానికే దగ్గరగా కనిపిస్తాయి. 2022 జూలై 4న భీమవరంలో ప్రధానమంత్రి ఆవిష్కరించిన 30 అడుగుల కంచు విగ్రహం వీటన్నిటిలో ప్రసిద్ధమైనది. గాం సోదరులకు ఇంతటి దృశ్యరూపం దక్కలేదు. శిక్ష అనుభవించి బయటికి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడన్న సంగతి కూడా ఎక్కువ మందికి తెలియదు.

స్మారకాలను వదిలి మనుషుల చిత్రాలను పరిశీలిస్తే సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఛాయాచిత్రాలు విస్తారంగా ఉన్నాయి. అక్కడ మనిషి సాధారణంగా తెగకు ఒక నమూనా మాత్రమే. హైమన్‌డార్ఫ్ పద్ధతి భిన్నమైనది. ఆస్ట్రియా దేశీయుడైన ఆయన రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదు సంస్థానంలో ఉండిపోయి, గోదావరి ఇరువైపులా పాపికొండల ప్రాంతపు కొండరెడ్లపై 1945లో గ్రంథం ప్రకటించాడు. ఆయన చిత్రాలను ఊరి పేరుతో, ఆ ఊరి జీవన వివరాలతో కలిపి చదవవచ్చు. పోలవరం జలాశయ ముంపులో కొండరెడ్లు, కోయల ఆవాసాలు ఉన్నందున ఈ చిత్రాల విలువ నేడు పెరిగింది. ఊరు లేని రోజున దాని ఇల్లు, గట్టు, రేవు ఎలా ఉండేవో చెప్పవలసింది అవే.

ఉత్తరాన ఉన్న అరకులో దృశ్యాన్ని సృష్టించినది రైలు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపానుకు పంపేందుకు 1960లలో కొత్తవలస–కిరండూల్ మార్గం నిర్మితమైంది. ఖనిజం కోసం తవ్విన సొరంగాలు, కట్టిన వంతెనలే తరువాత విహారయాత్రికులకు వీక్షణ స్థలాలయ్యాయి. 2017లో అద్దాల పైకప్పు గల బోగీ రావడంతో కిటికీయే ఒక చిత్రపటమైంది.

బొర్రా గుహల విషయంలో ఒక దిద్దుబాటు అవసరం. 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ వీటిని కనుగొన్నాడని అనేక పర్యాటక గ్రంథాలు రాస్తున్నాయి. ఆ సంస్థ ఏర్పడింది 1851లో. కింగ్ దానికి అధిపతి అయింది 1887లో. కాబట్టి ఆ సంవత్సరం నిలవదు. 'కనుగొన్నాడు' అన్న మాటా అంతే, ఎందుకంటే చుట్టుపక్కల గిరిజనులు గుహలోని శిలారూపాన్ని శివలింగంగా కొలుస్తూనే ఉన్నారు. ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. గుహలు ఉన్న అనంతగిరి మండలంలో గనుల లీజులపై వచ్చిన వివాదమే సమతా కేసు. 1959 నాటి భూబదలాయింపు నియంత్రణ, దానికి 1970లో జరిగిన సవరణల ఆధారంగా, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం సైతం గిరిజనేతరులకు గనుల లీజు ఇవ్వరాదని 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సందర్శకుడు ఫోటో తీసుకునే పచ్చని కొండ వాలు వెనుక ఈ న్యాయపోరాటం ఉంది.

వలిసె పూలకు అటువంటి తీర్పు ఏదీ లేదు. శీతాకాలపు ఆరంభంలో పసుపు పరచినట్టు పూచే ఈ పైరు నూనెగింజల పంట. చేలోకి దిగి ఫోటోలు తీసుకునేవారి కాళ్ల కింద మొక్కలు నలగడం మొదలైన తరువాత, కొందరు రైతులు గట్టు దగ్గర నిలబడి మనిషికింత అని రుసుము వసూలు చేస్తున్నారు. ఇది వ్యాపారమని సందర్శకులు విసుక్కోవడం వింటుంటాం. గింజ ధర మీద రైతుకు అధికారం లేదు. చేలో నిలబడే చోటికి మాత్రం ధరను ఆ రైతే నిర్ణయిస్తున్నాడు.