గిడ్డంగి తొడిగిన రాజవేషం

పలమనేరులో పాఠాలు చెప్పుకొంటూ, మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాల చప్పుడు విన్న నాకు, మాంచెస్టరులోని వాట్స్ గిడ్డంగి వట్టి వాస్తుకళగా కనబడదు. 1856లో బట్టల టోకు వర్తకానికి తెరచిన యీ కట్టడం అంతస్తుకొక శైలి తొడుక్కొన్నది: ఈజిప్టు, ఇటలీ, ఎలిజబెత్తు కాలపు ఇంగ్లండు... బయటికి వెనిస్ నగరపు ప్రాసాదం; లోపల బట్టల మూటలు, అమ్మకపు లెక్కలు.

వర్తకుడికి రాజవేషం ఎందుకు? భూస్వామ్య కులీనుల యెదుట కొత్త ధనికవర్గం తన పెద్దరికాన్ని రాతిలో చాటుకోవాలి గనుక. ఆ సొమ్మెక్కడిది? లాంకషైరు మిల్లులకు దూది అధికభాగం అమెరికాలో బానిసలు పండించినదే. 1861లో అక్కడ అంతర్యుద్ధం రేగి దూది ఆగిపోగా మిల్లు కార్మికులు పస్తులున్నారు. ఆ మిల్లుగుడ్డే మన నేతగాళ్ళ మగ్గాలను మూలబెట్టింది.

1982లో గిడ్డంగి హోటలుగా మారింది. దాని అందాన్ని కాదనక్కరలేదు. కాని ఆ అందానికి వెల చెల్లించిన మూడు ఖండాల చేతులను కూడా మనం పాఠంలో చేర్చాలి.